స్టీఫెన్ కింగ్ కథలు తెర మీద ఎప్పుడు నిలబడతాయి, ఎందుకు బెడిసికొడతాయి

స్టీఫెన్ కింగ్ 1982లో 'డిఫరెంట్ సీజన్స్' పేరుతో నాలుగు పెద్దకథల సంపుటి వేశాడు. నాలుగింట్లో మూడు సినిమాలయ్యాయి. 1986లో రాబ్ రైనర్ 'స్టాండ్ బై మీ', 1994లో ఫ్రాంక్ డారబాంట్ 'ద షాషాంక్ రిడెంప్షన్', 1998లో బ్రయన్ సింగర్ 'ఆప్ట్ ప్యూపిల్' తీశారు. మొదటి రెండూ చూసి మెచ్చుకున్నవాళ్లలో చాలామందికి అవి ఒక హారర్ రచయిత కథలని ఈనాటికీ తెలియదు. రెండో కొసన 'ద డార్క్ టవర్' ఉంది. ఎనిమిది సంపుటాల గాథని 2017లో 95 నిమిషాల సినిమాగా కుదించారు. పుస్తకాలు చదివినవాళ్లకి అది తాము చదివిన కథలా అనిపించలేదు, చదవనివాళ్లకి ఏం జరుగుతోందో అంతుపట్టలేదు.

ఈ తేడాని దర్శకుల ప్రతిభకి అంటగట్టి ఊరుకోవచ్చు గానీ, ముందు చూడాల్సింది కొలత. స్క్రీన్‌ప్లేలో ఒక పేజీ అంటే తెర మీద సుమారు ఒక నిమిషం. రెండు గంటల సినిమాకి 120 పేజీలు, అందులోనూ సగం ఖాళీ జాగా. నూరు పేజీల చిల్లర ఉండే పెద్దకథ ఆ చట్రంలో పెద్ద కోతలు లేకుండా ఇమిడిపోతుంది, పైగా కొత్తవి చేర్చడానికి చోటు మిగులుతుంది. షాషాంక్‌లో డారబాంట్ ఆ చోటునే వాడుకున్నాడు. కథలో ఏళ్లు గడిచేకొద్దీ జైలు వార్డెన్లు మారుతుంటారు. సినిమాలో వాళ్లంతా కలిసి నార్టన్ అనే ఒకే మనిషి అయ్యారు, దాంతో కథకి ఒక ప్రతినాయకుడు దొరికాడు. టామీ అనే కుర్రాడిని కథలో వేరే జైలుకి పంపించేస్తే, సినిమాలో కాల్చి చంపుతారు. లైబ్రరీ చూసుకునే ముసలి బ్రూక్స్‌కి కథలో దక్కింది కాస్తంత ప్రస్తావన. సినిమాలో అతని విడుదల, బయట బతకలేకపోవడం, చివరికి ఉరి వేసుకోవడం ఒక పూర్తి ఘట్టం. జైలంతా వినపడేలా మోత్జార్ట్ రికార్డు వేసే సన్నివేశం కథలో అసలు లేదు. చివర సముద్రం ఒడ్డున మిత్రులిద్దరూ కలుసుకోవడమూ సినిమాదే. కథ మాత్రం ఇద్దరిలో ఒకడైన ఖైదీ రెడ్ ఆశల దగ్గరే ఆగిపోతుంది. ఇన్ని మార్చినా పాఠకులు గొడవపడలేదు. కథ చెప్పే రెడ్ గొంతు మారలేదు కాబట్టి. మోర్గన్ ఫ్రీమన్ వాయిస్ ఓవర్‌లో అది దాదాపు అలాగే వినిపిస్తుంది.

అసలు చిక్కు ఈ గొంతుతోనే.

కింగ్ నవలల్లో దయ్యం ఆలస్యంగా వస్తుంది. అంతకుముందు రెండొందల పేజీలపాటు మనం ఒక మనిషి తలలో కాపురం ఉంటాం. కట్టాల్సిన అప్పు, మానేసిన మందు, నాన్న చేతి దెబ్బలు, రేడియోలో విన్న పాట ముక్క, వాడే టూత్‌పేస్టు పేరు. ఒక ఆలోచన వాక్యం మధ్యలో తెగి, బ్రాకెట్లలోనో వాలు అక్షరాల్లోనో ఇంకో ఆలోచన దూరుతుంది. దయ్యం వచ్చేసరికి ఆ తలలో పగులు ఎక్కడుందో మనకి తెలిసిపోయి ఉంటుంది. అది ఆ పగుల్లోంచే లోపలికి వస్తుంది. కెమెరాకి అందేది మొహం మాత్రమే. కాబట్టి కింగ్ నవలని తెరకి రాసేవాడు దయ్యాన్ని ఎలా చూపించాలా అని తర్వాత ఆలోచించవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది ఆ లోగొంతు సంగతి: దాన్ని తీసేయాలా, ఇంకో పాత్ర నోట పెట్టాలా, వస్తువుల్లోకి ఎక్కించాలా, కథ నడిచే క్రమంలో కలిపేయాలా? ఇది తేల్చుకోకుండా సంఘటనలని వరసగా తెర మీదికి మోసుకొచ్చిన సినిమాలే ఎక్కువగా తేలిపోయాయి. ఆ సంఘటనలు విడిగా చూస్తే పాత చవకబారు పత్రికల సరుకే. కుక్కకి పిచ్చెక్కడం, కారుకి దయ్యం పట్టడం, చచ్చినవాళ్లు తిరిగి రావడం. వాటిని పైకెత్తేది ఆ తల.

'మిజరీ' ఈ పనికి మంచి నమూనా. 1987 నాటి నవల మొత్తం మంచం మీద కాళ్లు విరిగి పడి ఉన్న రచయిత పాల్ షెల్డన్ ఆలోచనల్లోనే నడుస్తుంది. అతను రాస్తున్న నవల పేజీలు కూడా మధ్య మధ్యలో వస్తుంటాయి. 1990 సినిమాకి స్క్రీన్‌ప్లే రాసిన విలియం గోల్డ్‌మన్ వాయిస్ ఓవర్ జోలికి పోలేదు. నవలలోపలి నవలని దాదాపుగా తీసేశాడు. దానికి బదులు ఊరి ముసలి షెరీఫ్‌ని, అతని భార్యని కల్పించాడు. వాళ్లు వెతుకుతూ ఉంటారు కాబట్టి గది బయట ఒక ప్రపంచం ఉందని, అది దగ్గరవుతోందని మనకి తెలుస్తుంటుంది. లోపల భయాన్ని వస్తువులకి అప్పగించాడు. పాల్ గది దాటాడని, అతన్ని బంధించిన యానీ ఎలా పసిగట్టింది? పుస్తకంలో ఆమె తలవెంట్రుకలు అడ్డంగా అమర్చి పెడుతుంది, అవి తెగి ఉంటాయి. తెర మీద వెంట్రుక కనపడదు. అందుకని సినిమాలో ఒక చిన్న పెంగ్విన్ బొమ్మ ఉంటుంది, పాల్ దాన్ని పడబోతుంటే పట్టుకుని తిరిగి పెట్టేటప్పుడు దిక్కు మారిపోతుంది. ప్రేక్షకుడికి ఆ సంగతి పాల్ కంటే ముందే తెలుస్తుంది, కుర్చీలో కదలలేని స్థితి వస్తుంది. ఇక పాదం సంగతి. నవలలో గొడ్డలితో నరికి, మంటతో కాలుస్తుంది. సినిమాలో రెండు చీలమండల మధ్య చెక్క దిమ్మె పెట్టి సమ్మెటతో కొడుతుంది. నాయకుడు కాలు పోగొట్టుకుని బయటపడితే అది గెలుపులా అనిపించదని దర్శకుడు రైనర్ పట్టుపట్టాడు, గోల్డ్‌మన్ మొదట ఒప్పుకోలేదు. సినిమా చూశాక ఎవరి మాట నెగ్గాల్సిందో తేలిపోయింది. నరకడం చూస్తే మొహం తిప్పుకుంటాం, ఎముక విరగడాన్ని మాత్రం మన కాలిలోనే అనుభవిస్తాం. యానీగా వేసిన కాథీ బేట్స్‌కి ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది.

'జెరాల్డ్స్ గేమ్' ఇంకా మొండి సరుకు. 1992 నాటి నవలలో జెస్సీ అనే స్త్రీ ఏకాంతమైన ఇంట్లో మంచానికి సంకెళ్లతో కట్టేసి ఉంటుంది, భర్త గుండె ఆగి చనిపోయి నేల మీద పడి ఉంటాడు. ఆమె తలలో రకరకాల గొంతులు వాదించుకుంటూ ఉంటాయి. దీన్ని సినిమా తీయలేరన్న మాట పాతికేళ్లు నడిచింది. 2017లో మైక్ ఫ్లానగన్ చేసిన ఏర్పాటు చూడండి: ఆ గొంతుల గుంపుని రెండుకి తగ్గించాడు. ఒకటి చనిపోయిన భర్త, రెండోది జెస్సీయే, కాకపోతే సంకెళ్లు లేని, ధైర్యంగల జెస్సీ. ఇద్దరూ గదిలో తిరుగుతూ మాట్లాడతారు. మంచం మీది మనిషి కదలదు గానీ సన్నివేశం కదులుతుంది, కెమెరాకి చూపు తిప్పడానికి కారణం దొరుకుతుంది. నీళ్ల గ్లాసు అందుకోవడం, తర్వాత ఆ గ్లాసుని పగలగొట్టి మణికట్టు కోసుకుని, రక్తం జారుడుతో చెయ్యి లాక్కోవడం యథాతథంగా ఉంచాడు. ఒంటికి జరిగేది ఎలాగూ కెమెరాకి అందుతుంది. ఈ సినిమాలో కుంటుపడేది చివరి పావుగంట. నవలలో ఉత్తరం రూపంలో ఉన్న ముగింపుని వాయిస్ ఓవర్‌తో చదివించారు, అంతవరకు గదిలో కట్టుకొచ్చిన బిగువు ఒక్కసారిగా వదులైంది.

'డోలరెస్ క్లైబోర్న్' నవలలో అధ్యాయాలే లేవు. ఒక ముసలామె పోలీసుల ముందు ఏకధాటిగా చెప్పే వాంగ్మూలం అది. 1995 సినిమాకి రాసిన టోనీ గిల్‌రాయ్, వినేవాళ్ల స్థానంలోకి కూతురిని తెచ్చాడు. నవలలో పేరుకే ఉన్న పెద్దయిన సెలీనా, సినిమాలో న్యూయార్క్ నుంచి దిగి తల్లిని అనుమానంగా చూస్తుంది. ఇప్పుడు తల్లి చెప్పే ప్రతి మాటకీ ఎదుట ఒక మొహం ఉంది. టేలర్ హ్యాక్‌ఫర్డ్ వర్తమానాన్ని బూడిదనీలం రంగులో, గతాన్ని వెచ్చటి రంగుల్లో తీసి కాలం మార్పులని మాటల్లేకుండానే చెప్పాడు. జరగాల్సినంత చర్చ జరగని సినిమా ఇది; కింగ్ కథల మీద వచ్చిన మొదటి అయిదారింట్లో పెట్టదగ్గది.

టీవీలోనూ ఇదే ఉపాయం కనిపిస్తుంది. '11.22.63' ఎనిమిది భాగాల సిరీస్‌లో, నవలలో ఎక్కడో తగిలి వెళ్లిపోయే బిల్ టర్కాట్ నాయకుడి వెంట ఉండే తోడుగా మారాడు. గతంలోకి వెళ్లిన మనిషి తన పథకాలు తనలో తాను అనుకుంటే మనకి వినపడవు, పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

తీసేయడం కూడా ఒక దారే. మొదటి నవల 'క్యారీ' 1974లో వచ్చినప్పుడు రచయితకి అడ్వాన్సుగా అందింది 2,500 డాలర్లు. పేపర్‌బ్యాక్ హక్కులు నాలుగు లక్షల డాలర్లకి అమ్ముడుపోయాక అతను టీచరు ఉద్యోగం మానేశాడు. ఆ నవల సగానికి సగం కాగితాల కట్ట: విచారణ సంఘం నివేదిక, వార్తల కత్తిరింపులు, ప్రాణాలతో మిగిలినవాళ్ల జ్ఞాపకాలు. 1976లో బ్రయన్ డి పాల్మా సినిమాకి రాసిన లారెన్స్ కోహెన్ ఆ కట్టనంతా పక్కన పడేశాడు. నవలలో, తోటి పిల్లల అవమానాలకి తిరగబడ్డ క్యారీ తన మనోశక్తితో ఊరునే తగలబెడుతుంది. 18 లక్షల డాలర్ల బడ్జెట్‌లో ఊరు తగలబెట్టడం కుదరదు కాబట్టి విధ్వంసం స్కూలు జిమ్‌కి పరిమితమైంది. చేతిలో డబ్బు లేకపోవడం ఇక్కడ మేలే చేసింది. ఆ రాత్రి స్కూలు డాన్సులో ఆమె మీద బకెట్టు రక్తం కుమ్మరించబోతున్నారని మనకి ముందే తెలుసు. బకెట్టు, తాడు, వేదిక, అన్నీ ఒకే గదిలో ఉంటాయి, డి పాల్మా ఆ ఎదురుచూపుని నిమిషాల కొద్దీ సాగదీశాడు. పోయింది కూడా ఉంది: తర్వాత సమాజం చేతులు దులుపుకోవడానికి చేసే విచారణ, ఆ నివేదికల పొడి భాష. సమాధిలోంచి చెయ్యి బయటికి వచ్చే చివరి షాట్ నవలలో లేదు, ఆ తర్వాత పదేళ్లపాటు హారర్ సినిమాలు దాన్ని అరువు తెచ్చుకుంటూనే ఉన్నాయి.

ఇక 'ద షైనింగ్'. దీని మీద వాదన నలభై ఏళ్లు దాటినా ఆగలేదు. చాలావరకు అభిమానుల తగాదాగా సాగుతుంది గానీ, అందులో పనికొచ్చే పాఠాలు ఉన్నాయి. నవల (1977) తాగుడు మానేసిన ఒక తండ్రి మెల్లగా జారిపోవడం. కొడుకు చెయ్యి విరిచిన నేరం అతన్ని తొలుస్తుంటుంది, వాళ్లు కాపలా ఉంటున్న దయ్యాల హోటల్ దాన్ని వాడుకుంటుంది. కుబ్రిక్ 1980లో తీసిన సినిమాలో తండ్రిగా వేసిన జాక్ నికల్సన్ ఉద్యోగం ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడే ఏదో తేడాగా ఉంటాడు. మంచివాడు చెడిపోయే కథని సినిమా చెప్పడం లేదని కింగ్ మొదటినుంచీ అభ్యంతరం చెబుతూ వచ్చాడు, అది న్యాయమైన అభ్యంతరమే. పైగా అమెరికాలో ఆడిన 144 నిమిషాల ప్రతిలో తల్లి డాక్టరుతో కొడుకు చెయ్యి గురించి, భర్త తాగుడు గురించి చెప్పే సన్నివేశమైనా ఉంది. ఐరోపాకి పంపిన 119 నిమిషాల ప్రతిలో అదీ లేదు. ఆ ప్రతి చూసినవాళ్లకి ఆ తండ్రి గతం దాదాపు తెలియదు.

కానీ కుబ్రిక్ ఒక సమస్యని ఎవరికంటే బాగా పసిగట్టాడు. నవలలో హోటల్ ముందు జంతువుల ఆకారంలో కత్తిరించిన పొదలు ఉంటాయి. మనిషి చూపు మరల్చినప్పుడు అవి కదులుతాయి. కాగితం మీద ఇది ఒళ్లు జలదరించే సంగతి, ఎందుకంటే వాక్యం చూపు తిప్పుకోగలదు: ఇందాక అక్కడున్న సింహం ఇప్పుడు ఇంకాస్త ఇవతల ఉంది, అంతే. కెమెరా ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది. కుబ్రిక్ వాటిని తీసేసి పొదల చిట్టడవి పెట్టాడు. అది కదలక్కర్లేదు, మనుషులే దాంట్లో కదులుతారు, కుదుపుల్లేకుండా కదిలే స్టెడీక్యామ్ కెమెరా వాళ్ల వెంట పరుగెడుతుంది. 1997లో ఏబీసీ ఛానెల్ కోసం కింగ్ తనే రాసి, మిక్ గ్యారిస్ దర్శకత్వంలో మూడు రాత్రుల మినీ సిరీస్ తీయించాడు. చిత్రీకరణ కొలరాడోలోని స్టాన్లీ హోటల్‌లో జరిగింది, 1974లో కింగ్ బస చేసినప్పుడు ఈ నవల ఆలోచన పుట్టింది అక్కడే. తాగుబోతు తండ్రి కథ అందులో పూర్తిగా ఉంది, నవల చివర హోటల్‌ని తగలబెట్టే బాయిలర్ పేలుడూ ఉంది. పొద జంతువులూ ఉన్నాయి, గ్రాఫిక్స్‌లో నడుచుకుంటూ వస్తాయి. వాటిని చూశాక భయపడటం కష్టం. పుస్తకానికి కట్టుబడి ఉండటం ఒకటి, పుస్తకం పని చేసే తీరుకి కట్టుబడి ఉండటం మరొకటి. ఈ మినీ సిరీస్ మొదటిదే సాధించింది.

ఈ పాత తగాదాకి రాజీ కుదిర్చింది మళ్లీ ఫ్లానగనే. 'డాక్టర్ స్లీప్' (నవల 2013, సినిమా 2019) 'ద షైనింగ్' నవలకి కొనసాగింపు. ఆ నవల ప్రకారం హోటల్ ఎప్పుడో కాలిపోయింది. కుబ్రిక్ సినిమా ప్రకారం నిలిచే ఉంది. ప్రేక్షకుల మనసులో ఉన్నది కుబ్రిక్ హోటల్ కాబట్టి ఫ్లానగన్ దాన్ని నిలబెట్టాడు, చివరికి మొదటి నవలలో తండ్రికి రాసిన బాయిలర్ ముగింపుని కొడుకు చేత చేయించాడు. కుబ్రిక్ తీసేసిన ముక్క అలా ఇంకో సినిమాలోకి వచ్చి చేరింది. వసూళ్లు నిరాశపరిచాయి. ఈ ఏర్పాటు అర్థం కావాలంటే ఒక నవల, ఒక సినిమా, రెండూ తెలిసి ఉండాలి మరి.

బరువైన నవలలతో వచ్చే తిప్పలు వేరు. 'ఇట్' మొదటి ముద్రణ 1,138 పేజీలు. ఆడియో పుస్తకం సుమారు 45 గంటలు. 1990లో ఏబీసీ దాన్ని రెండు రాత్రుల్లో, ప్రకటనలు పోగా మూడు గంటల పైచిలుకులో చూపించింది. 2017, 2019ల్లో ఆండీ ముషియెట్టి రెండు సినిమాలు చేశాడు: మొదటిది పిల్లలది, రెండోది పెద్దలది. సుమారు 3.5 కోట్ల డాలర్లతో తీసిన మొదటిది ప్రపంచవ్యాప్తంగా 70 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. రెండోది 169 నిమిషాలు సాగి, వసూళ్లలోనూ పేరులోనూ వెనకబడింది. కారణం విభజనలోనే ఉంది. నవలలో పిల్లల కాలం, పెద్దల కాలం పెనవేసుకుని నడుస్తాయి. పెద్దలు తమ బాల్యాన్ని మరిచిపోయారు. వాళ్లకి గుర్తొచ్చినప్పుడే మనకీ తెలుస్తుంది. జ్ఞాపకమే ఆ నవలకి ఇంజను. రెండుగా కోసేసరికి, పెద్దలు గుర్తు తెచ్చుకోవాల్సినవన్నీ మనం రెండేళ్ల కిందటే చూసేసి ఉంటాం. వాళ్లు వెతుక్కుంటుంటే మనం ఎదురుచూస్తూ కూర్చోవాలి. ఆ లోటు పూడ్చడానికి పిల్లలతో కొత్త ఫ్లాష్‌బ్యాకులు తీశారు, అప్పటికి పిల్లలు ఎదిగిపోవడంతో మొహాలని కంప్యూటర్‌లో వయసు తగ్గించాల్సి వచ్చింది. పైగా ఒక్కొక్కరే వెళ్లి ఒక వస్తువు వెతికి, ఒక దయ్యాన్ని చూసి రావడం. మూడోసారికే వరస తెలిసిపోతుంది. ఈ విషయంలో పాత మినీ సిరీస్ మొదటి రాత్రే నయం. ఊళ్లో మిగిలిపోయిన మైక్ ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాడు, ఫోన్ పెట్టేసిన మనిషికి బాల్యం గుర్తొస్తుంది. పెనవేత కొంతైనా మిగిలింది. రెండో రాత్రి చివర దయ్యం అసలు రూపంగా వచ్చే సాలీడు బొమ్మ గురించి మాట్లాడకపోవడమే మర్యాద.

క్రమం చెడగొడితే ఏమవుతుందో 'ద స్టాండ్' ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. మహమ్మారి ఒక్కో మనిషి నుంచి ఇంకో మనిషికి, దగ్గు నుంచి దగ్గుకి పాకడమే ఆ నవల మొదటి భాగం. 1994 మినీ సిరీస్ నాలుగు భాగాలూ ఆ వరసలోనే నడిచాయి. 2020 డిసెంబరులో మొదలైన తొమ్మిది భాగాల సిరీస్ మాత్రం అంతా అయిపోయాక శవాలు తీసే దగ్గర మొదలుపెట్టి ముందుకీ వెనక్కీ గెంతింది. ఎవరు బతుకుతారో మొదటి గంటలోనే తెలిసిపోయాక ఫ్లాష్‌బ్యాకులో వాళ్లకి ప్రమాదం వస్తే ఏం భయం? లోకమంతా నిజంగానే మాస్కులతో ఉన్న రోజుల్లో వచ్చి కూడా ఆ సిరీస్ ఎవరినీ పెద్దగా కదిలించలేదు. కింగ్ దాని చివరి భాగాన్ని తనే కొత్తగా రాశాడు.

రచయిత చెయ్యి ఉంటే మేలు జరుగుతుందన్న నమ్మకం కూడా నిలవదు. 1986లో 'మ్యాగ్జిమమ్ ఓవర్‌డ్రైవ్'కి కింగే దర్శకుడు. మళ్లీ ఇంకో సినిమాకి దర్శకత్వం చేయలేదు. 'లిసీస్ స్టోరీ' ఎనిమిది భాగాలూ 2021లో తనే రాశాడు. ఆ నవల తనకి అన్నిటికంటే ఇష్టం కాబట్టి ఏదీ వదులుకోలేకపోయాడు, కథ అడుగు తీసి అడుగు వేయదు. మరోవైపు 1999 నాటి 'స్టార్మ్ ఆఫ్ ద సెంచురీ' చక్కగా కుదిరింది. దానికి మూలంగా నవల లేదు, నేరుగా టీవీ కోసం రాశాడు. ప్రకటన విరామం ఎక్కడ వస్తుందో, ప్రతి రాత్రీ ఎక్కడ ఆపాలో ముందే లెక్క వేసుకున్న రచన అది.

తొంభైల టీవీకి గ్రాఫిక్స్ ఖర్చు పెద్ద శాపం. 1995లో వచ్చిన 'ద లాంగోలియర్స్'లో మనుషులు ఖాళీ విమానాశ్రయంలో దూరం నుంచి వచ్చే శబ్దం వింటున్నంతసేపూ బాగుంటుంది, ఆ శబ్దం చేసేవి కనపడగానే నవ్వొస్తుంది. అంతకు పదహారేళ్ల ముందే టోబీ హూపర్ 'సేలమ్స్ లాట్'లో చేతిపనితో గెలిచాడు. కిటికీ బయట గాల్లో తేలే పిల్లవాడిని వైర్లకి వేలాడదీయకుండా క్రేన్ చేతికి అమర్చి, షాట్‌ని వెనక్కి నడిపించాడు. పొగమంచు పిల్లవాడి వైపు ముడుచుకుంటున్నట్టు కనిపిస్తుంది, ఎందుకు వింతగా ఉందో చూసేవాడికి వెంటనే తట్టదు. నవలలో బాగా మాట్లాడే రక్తపిశాచం బార్లోని ఆ సిరీస్ మూగవాడిని చేసింది, మాటలన్నీ సేవకుడు స్ట్రేకర్‌కి, అంటే జేమ్స్ మేసన్‌కి ఇచ్చింది.

హక్కుల వ్యవహారం తెలిస్తే ఇన్ని సినిమాలు ఎందుకు వస్తాయో అర్థమవుతుంది. నిర్మాత మొదట కొనేది సాధారణంగా ఆప్షన్: ఫలానా గడువులోగా సినిమా తీసే అవకాశం తనకే ఉండేలా కట్టే కొద్దిపాటి సొమ్ము. కింగ్ చాలాసార్లు దాన్ని ఒక్క డాలరుకే ఇచ్చాడు. బదులుగా స్క్రిప్టు, దర్శకుడు, తారాగణం తన ఆమోదంతో ఉండాలి, సినిమా వస్తే రాబడిలో వాటా ఉండాలి. 1977 నుంచి విద్యార్థులకి కూడా చిన్నకథలు డాలరు చొప్పున ఇచ్చాడు, వ్యాపారానికి ప్రదర్శించకూడదన్న షరతుతో. డారబాంట్ తొలి లఘుచిత్రం 'ద వుమన్ ఇన్ ద రూమ్' అలా వచ్చినదే, షాషాంక్‌కి దారి వేసింది అదే.

జాగ్రత్త లేకుండా అమ్మిన కథల గతి 'ద లాన్‌మోవర్ మ్యాన్'. గడ్డి కోసే మనిషి గురించిన చిన్నకథ హక్కులని అడ్డుపెట్టుకుని, దాంతో దాదాపు సంబంధం లేని వర్చువల్ రియాలిటీ సినిమాకి 1992లో కింగ్ పేరు తగిలించారు. అతను కోర్టుకెక్కాడు. పేరుని శీర్షిక ముందు యజమానిలా వాడకూడదని అప్పీలు కోర్టు చెప్పింది, కథ ఆధారంగా అన్న మాట వాడుకోవడాన్ని మాత్రం అనుమతించింది. సినిమాలో కథ ముక్క ఒకటి ఉంది కదా అన్నది వాదన. ఇంకో చట్టపు సంగతి ఉంది. అమెరికాలో 1978 నుంచి రచయిత ఇచ్చిన హక్కులని 35 ఏళ్లకి వెనక్కి తీసుకోవచ్చు. రెండేళ్ల నుంచి పదేళ్ల ముందుగా నోటీసు ఇవ్వాలి. ఇది అమెరికా హక్కులకే వర్తిస్తుంది, ఇదివరకే తీసిన సినిమాని ఆపదు. ఎనభైల్లో అమ్మిన కథలు ఇప్పటికే ఆ గడువు దాటాయి.

ముగింపులు మార్చడం గురించి ఒకే సూత్రం చెప్పలేం. 'కూజో' నవలలో పిచ్చికుక్క బారిన పడ్డ కారులో పిల్లవాడు చనిపోతాడు. 1983 సినిమాలో బతుకుతాడు. గంటసేపు ఆ కారులో బందీ అయిన ప్రేక్షకుడికి అది అవసరమైన దయ. 'ద మిస్ట్' దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1980 నాటి పెద్దకథ ఎటూ తేల్చకుండా, సన్నని ఆశతో ఆగుతుంది. 2007లో డారబాంట్ తను రాసుకున్న కొత్త ముగింపుని ఎవరినీ మార్చనివ్వకుండా, అందుకోసం 1.8 కోట్ల డాలర్ల చిన్న బడ్జెట్‌తోనే సర్దుకున్నాడు. పొగమంచులోని రాక్షసజీవుల నుంచి పారిపోతున్న కారులో అయిదుగురు, తుపాకిలో నాలుగు తూటాలు. తండ్రి కొడుకుతో సహా నలుగురినీ కాల్చేస్తాడు, కాసేపటికే పొగమంచులోంచి సైన్యం వస్తుంది. కింగ్ దీన్ని బహిరంగంగా మెచ్చుకున్నాడు. నచ్చనివాళ్లు ఉన్నారు, కానీ అది ఊడిపడ్డ ముగింపు కాదు. సూపర్ మార్కెట్‌లో చిక్కుకున్న మనుషులు రెండు రోజుల్లో ఎంతకి తెగిస్తారన్నదే సినిమా అంతా చూపిస్తూ వచ్చింది.

'పెట్ సెమటరీ' 2019లో చేసిన మార్పు అంత బాగా కుదరలేదు. నవలలోనూ 1989 సినిమాలోనూ లారీ కింద పడి చచ్చి, హంతకుడై తిరిగొచ్చేది పసివాడు గేజ్. కొత్త సినిమాలో అక్క ఎల్లీ. దీనికి చేతిపనికి సంబంధించిన కారణం ఉంది: మూడేళ్ల పిల్లవాడు హంతకుడిగా నటించలేడు, పాత సినిమాలో చాలా షాట్లలో బొమ్మ వాడాల్సి వచ్చింది. తొమ్మిదేళ్ల అమ్మాయి నటించగలదు, మాట్లాడగలదు. చిక్కంతా ఆ మాటల్లోనే ఉంది. చావంటే ఏమిటో తెలియని వయసు వాడు తిరిగి రావడంలోని ఘోరం, తను చచ్చానని తెలిసిన పిల్ల ప్రశ్నలు వేయడంలో ఉండదు. ఇక ఆ మలుపుని ట్రైలర్‌లోనే చూపించేయడం ప్రచార విభాగం చేసిన పని, దానికి దర్శకులని అనడానికి లేదు.

2025లో ఫ్రాన్సిస్ లారెన్స్ తీసిన 'ద లాంగ్ వాక్' వీటన్నిటికంటే సులువైనదిగా కనిపిస్తుంది. కింగ్ రిచర్డ్ బాక్‌మన్ అనే మారుపేరుతో 1979లో వేసిన నవల అది. కుర్రాళ్లు ఆగకుండా నడుస్తారు, వేగం తగ్గినవాడికి హెచ్చరికలు, తర్వాత తూటా. నడుస్తూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు కాబట్టి లోగొంతులో చాలా భాగం ముందే సంభాషణగా మారి ఉంది. అయినా ఒకచోట పుస్తకం తెర మీద నిలవలేదు. నవలలో గంటకి నాలుగు మైళ్లకి తగ్గకుండా నడవాలి, అంటే దాదాపు 6.4 కిలోమీటర్లు. చదివేటప్పుడు అదొక అంకె, కళ్లు దాటి వెళ్లిపోతుంది. కెమెరా ముందు ఆ వేగంతో మనుషులని నడిపిస్తే అది పరుగుకి దగ్గరగా ఉంటుంది, రోజుల తరబడి అలా నడుస్తూ కబుర్లు చెప్పుకుంటున్నారంటే ఎవరూ నమ్మరు. సినిమాలో దాన్ని మూడు మైళ్లకి తగ్గించారు. వందమంది ఉన్న గుంపుని కూడా యాభైకి దించారు, మొహాలు గుర్తుండాలి కదా.